రెండు రోల్స్ మధ్య పల్చటి ఉక్కు రేకు: లెవెల్ నిలబడినా మందం ఎందుకు ఊగుతోంది?

కాకినాడ_ఎంటెక్ | రాత్రి 9:05

అందరికీ నమస్కారమండి. కాకినాడలో ఎంటెక్ చేస్తున్నాను. ప్రాజెక్టు ట్విన్ రోల్ స్ట్రిప్ కాస్టింగ్ మీద. ఈ పద్ధతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఎదురెదురుగా తిరిగే రెండు రాగి రోల్స్ ఉంటాయి, లోపల నీళ్లు పారుతుంటాయి. ఆ రెండింటి మధ్య పైన ఏర్పడే లోయలో కరిగిన ఉక్కు పోస్తారు. అది చిన్న మడుగులా నిలుస్తుంది. చెరో రోల్ మీదా ఒక పొర గడ్డకడుతుంది. కింద రోల్స్ అతి దగ్గరగా వచ్చే చోటుని నిప్ అంటారు, అక్కడ రెండు పొరలూ అతుక్కుని ఒకే రేకుగా బయటికొస్తాయి. మందపాటి స్లాబ్ (ఉక్కు దిమ్మె) పోసి, మళ్లీ కాల్చి, వరసగా స్టాండ్లలో (నొక్కే రోల్స్ జతల్లో) నొక్కే పని చాలావరకు తప్పిపోతుంది.

నా సిమ్యులేషన్‌లో రోల్ వ్యాసం 500 మి.మీ., రేకు మందం 1.6 మి.మీ., వెడల్పు 1345 మి.మీ., వేగం నిమిషానికి 80 మీటర్లు. రోల్స్ మధ్య గ్యాప్ స్థిరంగా పెట్టాను, ఒత్తిడికి జరగదు. మడుగు లెవెల్‌కి పీఐడీ కంట్రోలర్ (తేడా చూసి తనంతట తనే సర్దేది) పెడితే లెవెల్ చక్కగా నిలబడింది. మందం మాత్రం ప్రతి 1.2 సెకన్లకీ పైకీ కిందకీ ఊగుతోంది. మందం కొలత చూసి గ్యాప్ సెట్టింగ్ సర్దే లూప్‌కి గెయిన్ (తేడాకి ఎంత గట్టిగా సర్దాలన్నది) పెంచితే ఊపు ఇంకా పెరిగింది. రోల్ వేగంతో సర్దబోతే లెవెల్ చెడింది. ఎక్కడ పట్టుకోవాలో పెద్దలు చెప్పగలరు.

కంట్రోల్_రూమ్ | రాత్రి 9:31

మాది రాజోలు తమ్ముడూ, రోలింగ్ మిల్లు ఆటోమేషన్‌లో పని. నీ 1.2 సెకన్లు ఎక్కడిదో ముందు చూడు. 500 మి.మీ. రోల్ చుట్టుకొలత 1.57 మీటర్లు. వేగం సెకనుకి 1.33 మీటర్లు. భాగిస్తే 1.18 సెకన్లు. అంటే రోల్ ఒక చుట్టు తిరగడానికి పట్టే టైమే అది. మోడల్‌లో రోల్ కచ్చితంగా గుండ్రంగా లేనట్టు ఏమైనా పెట్టావా?

కాకినాడ_ఎంటెక్ | రాత్రి 9:38

పెట్టానండి. ఒక్కో రోల్‌కీ 25 మైక్రాన్లు, అంటే మి.మీ.లో నలభయ్యో వంతు.

కంట్రోల్_రూమ్ | రాత్రి 9:52

అయితే అదే. రెండూ ఒకే కోణంలో కలిసొస్తే గ్యాప్ 50 మైక్రాన్లు అటూ ఇటూ పోతుంది. 1.6 మి.మీ. మీద 3 శాతం పైనే.

ఇక గెయిన్ పెంచితే ఎందుకు చెడుతుందో చూద్దాం. మందం కొలిచే ఎక్స్‌రే గేజ్ నిప్ దగ్గర పెట్టలేరు, అక్కడ రేకు దగ్గరదగ్గర 1400 డిగ్రీల్లో మెత్తగా వేలాడుతుంటుంది. రేకు వేలాడే లూపు దాటాక, దాన్ని పట్టి లాగే పించ్ రోల్స్ దాటాక పెట్టాలి. 8 మీటర్ల దూరం అనుకో, కొలత నీ చేతికి 6 సెకన్లు ఆలస్యంగా వస్తుంది. ఈలోపు రోల్ ఐదు చుట్లు తిరిగిపోయింది. ఎప్పుడో అయిపోయిన తప్పుని ఇప్పుడు దిద్దబోతే అది కొత్త తప్పవుతుంది. మామూలు ఫీడ్‌బ్యాక్ దీన్ని జన్మలో పట్టుకోలేదు.

మందు ఏమిటంటే, టైముతో కాకుండా కోణంతో గుర్తుపెట్టుకోవాలి. రోల్ షాఫ్ట్‌కి ఎన్‌కోడర్ (ఎంత కోణం తిరిగిందో చెప్పేది) ఉంటుంది కదా, ప్రతి డిగ్రీకీ మందం ఎంత తప్పుతోందో టేబుల్ రాసుకుంటూ పోవాలి. వచ్చే చుట్టులో అదే కోణం దగ్గర ముందుగానే గ్యాప్ సర్దాలి. ప్రతి చుట్టుకీ కొంచెం కొంచెం నేర్చుకుంటుంది. పునరావృతమయ్యే తప్పుకి ఇంతకు మించిన పద్ధతి లేదు.

పాత_కాస్టర్ | రాత్రి 10:20

బాబూ, కంట్రోలర్ సంగతి కాసేపు పక్కన పెట్టు. అదుపు చెయ్యాలనుకుంటున్న వస్తువు సైజు ముందు చూడు. నీ అంకెలతోనే లెక్క కట్టాను.

ఉక్కు రోల్‌ని తాకే కోణం 40 డిగ్రీలు అనుకుంటే మడుగు లోతు 160 మి.మీ., పైన నోరు 120 మి.మీ. లోపు. కిందకి వచ్చేసరికి 1.6 మి.మీ.కి సన్నబడుతుంది. మొత్తం మడుగులో పట్టేది ఎనిమిది లీటర్ల పైచిలుకు. రేకు రూపంలో బయటికి పోయేది సెకనుకి ఇంచుమించు 2.9 లీటర్లు, బరువులో 20 కిలోలు. అంటే పైనుంచి ధార ఆగితే మూడు సెకన్లలో మడుగు ఖాళీ. ధారలో 5 శాతం తేడా వచ్చినా లెవెల్ సెకనుకి 1 మి.మీ. చొప్పున కదులుతుంది.

నేను విశాఖలో బ్లూమ్ కాస్టర్ (మందపాటి ఉక్కు దిమ్మెలు పోసే యంత్రం) మీద పనిచేసి రిటైరయ్యాను. అక్కడ ఏదైనా తేడా వస్తే మనిషి చూసి, చెయ్యి పెట్టి సర్దే వ్యవధి ఉంటుంది. ఇక్కడ అది లేదు. మామూలు స్లాబ్ 220 మి.మీ. మందం పూర్తిగా గడ్డకట్టడానికి వెయ్యి సెకన్ల పైన పడుతుంది, మోల్డ్ లాగే వేడి చదరపు మీటరుకి 1 మెగావాట్ దరిదాపు. ఈ రేకు 0.15 సెకనులో గడ్డకడుతుంది, రోల్ లాగే వేడి చదరపు మీటరుకి 14 మెగావాట్లు. కనురెప్ప వేసే లోపు పని అయిపోతుంది. ఆ కాస్త టైములో జరిగిన పొరపాటు ఏదైనా రేకులో అలాగే ఉండిపోతుంది.

ఇప్పుడు నీ మూడో ప్రశ్న, వేగంతో సర్దితే లెవెల్ ఎందుకు చెడింది అన్నది. పొర మందం ఉక్కు రోల్‌ని తాకివున్న కాలానికి వర్గమూలంగా పెరుగుతుంది. వేగం 4 శాతం పెంచితే తాకివున్న కాలం 4 శాతం తగ్గుతుంది, పొర 2 శాతం పల్చబడుతుంది. రెండు పొరలూ కలిసి 32 మైక్రాన్లు తక్కువ. అదే సమయంలో మడుగులోంచి బయటికి పోయే ఉక్కు 4 శాతం పెరిగింది, లెవెల్ పడిపోతుంది. లెవెల్ 5 మి.మీ. పడితే తాకే చాపం మరో 3.7 శాతం తగ్గుతుంది, పొర ఇంకా పల్చన. ఒక మీట కదిపితే మూడు కదులుతాయి. అందుకే లెవెల్‌కి టండిష్ (మడుగులోకి ఉక్కు వదిలే తొట్టి) దగ్గర స్టాపరు, మందానికి గ్యాపు, ఫోర్స్‌కి (నిప్ దగ్గర రోల్స్ మీద పడే ఒత్తిడికి) వేగం అని విడివిడిగా పంచుకుని కూర్చుంటే కుదరదు. ఆ మూడింటి మధ్య ఏది ఎంత త్వరగా కదలాలో ముందే తేల్చుకోవాలి.

రేకుల_షాపు_పాలకొల్లు | ఉదయం 6:48

నేను ఇంజనీరుని కాదండి, కప్పు రేకులు అమ్ముతాను. మీ మాటలు చదువుతుంటే ఒక అనుమానం. మాకు వచ్చే కాయిల్స్ మామూలు మిల్లువే. ఈ మధ్య ఒక కాయిల్ విప్పి అంచు వెంబడి అడుగు అడుగుకీ మైక్రోమీటరు పెట్టి చూశాను. 0.50 అని రాసుంది. కొన్నిచోట్ల 0.50, కొన్నిచోట్ల 0.48, మళ్లీ 0.50, అలా వరసగా తిరిగొస్తోంది. ఇది కూడా రోల్ గుండ్రంగా లేకపోవడమేనా? మా కోనసీమ వైపు ఉప్పుగాలికి పల్చగా ఉన్నచోటే ముందు తినేస్తుంది, అందుకే అడుగుతున్నాను.

కంట్రోల్_రూమ్ | ఉదయం 7:15

మంచి పని చేశారండి. పల్చటి చోటు నుంచి పల్చటి చోటుకి దూరం టేపుతో కొలవండి. చివరి స్టాండ్‌లో పనిరోల్ 500 మి.మీ. అయితే దూరం 1.57 మీటర్లు వస్తుంది. దానికి వెనక ఆసరాగా ఉండే పెద్ద రోల్ 1300 మి.మీ. అయితే 4.08 మీటర్లు. ఆ దూరమే దోషం ఏ రోల్‌దో చెప్పేస్తుంది.

పోత రేకులోనూ ఇదే సూత్రం, కాకపోతే తర్వాత నొక్కినకొద్దీ దూరం సాగుతుంది. 1.6 మి.మీ. దగ్గర 1.57 మీటర్లున్నది 1.0 మి.మీ.కి నొక్కితే 2.5 మీటర్లు అవుతుంది, 0.5 మి.మీ.కి తెస్తే 5 మీటర్లు. ఎక్కడ పుట్టిన తప్పో వెనక్కి లెక్కేసుకోవచ్చు.

రేకుల_షాపు_పాలకొల్లు | ఉదయం 7:22

కొలిచి చెప్తానండి. చాలా థాంక్స్.

తణుకు_మిల్లు | ఉదయం 8:40

చెరకు మిల్లులో ఫిట్టర్‌నండి. ఎంటెక్ బాబు గ్యాప్ స్థిరంగా పెట్టాను అన్నాడు, అక్కడే నాకు తేడా కనిపిస్తోంది. మా మిల్లులో పై రోలరు గ్యాపు బిగించి పెట్టం. దానిమీద హైడ్రాలిక్ లోడు ఉంటుంది. చెరకు మందంగా వచ్చినప్పుడు రోలరు లేస్తుంది, పల్చగా వచ్చినప్పుడు దిగుతుంది. నొక్కుడు మాత్రం ఒకేలా ఉంటుంది. బిగించి పెడితే రోలరో బేరింగో విరుగుతుంది. మీ ఉక్కు రోల్స్ కూడా అలా తేలుతూ ఉండకూడదా?

పాత_కాస్టర్ | ఉదయం 9:30

ఆయ్, సరైన చోట పట్టుకున్నారండి. తేలే రోల్ పద్ధతి ఇందులోనూ ఉంది. ఒక రోల్‌ని కదలకుండా పెట్టి, రెండోదాన్ని హైడ్రాలిక్ సిలిండర్లతో ఫోర్స్ నిలిచేలా తోస్తారు. మీ పోలిక ఎక్కడిదాకా నిలబడుతుందంటే, పిప్పి మందం ఎంతున్నా మీకు నష్టం లేదు, రసం వస్తే చాలు. మాకు పిప్పి మందమే సరుకు. అదొక్కటే తేడా.

ఎంటెక్ బాబూ, ఇది శ్రద్ధగా చదువు. నిప్ దగ్గర రెండు రకాల తప్పులొస్తాయి. ఒకటి, రోల్ గుండ్రంగా లేకపోవడం. ఉబ్బు ఉన్న వైపు నిప్‌లోకి వచ్చినప్పుడు గ్యాప్ బిగించి ఉంటే రేకు పల్చబడుతుంది, ఫోర్స్ పెరుగుతుంది. అదే ఫోర్స్ నిలిపే పద్ధతిలో ఉంటే రోల్ వెనక్కి తగ్గి ఉబ్బుకి దారిస్తుంది, మందం చెడదు. రెండోది, పొర మందంలో తేడా. ఒకచోట వేడి ఎక్కువ లాగి పొర లావెక్కిందనుకో. ఫోర్స్ నిలిపితే రోల్ వెనక్కి తగ్గుతుంది, ఆ లావు అలాగే రేకులోకి పోతుంది. గ్యాప్ బిగిస్తే మందం చాలావరకు నిలుస్తుంది గానీ ఫోర్స్ ఎగబాకుతుంది.

అంటే మొదటిదానికి మందైనది రెండోదానికి విషం. అసలు ఏది వస్తోందో తెలియకుండా కంట్రోలర్ ట్యూన్ చెయ్యడం దండగ.

కాకినాడ_ఎంటెక్ | ఉదయం 10:05

మాస్టారూ, ఏది వస్తోందో ఎలా తెలుస్తుంది? రెండిట్లోనూ ఫోర్స్ పెరుగుతోంది కదా.

పాత_కాస్టర్ | ఉదయం 10:26

ఫోర్స్ ఒక్కటే చూడకు. మందంతో జత చేసి చూడు. గ్యాప్ బిగించినప్పుడు ఉబ్బు వస్తే ఫోర్స్ పైకి, మందం కిందకి. పొర లావెక్కితే ఫోర్స్ పైకి, స్టాండ్ కాస్త సాగుతుంది కాబట్టి మందం కూడా పైకి. ఒకదానికొకటి ఎదురు నడిస్తే రోల్ ఆకారం తప్పు, కలిసి నడిస్తే వేడి తప్పు. గేజ్ ఆలస్యం తీసేసి, ఫోర్స్‌ని అదే ముక్క రేకు మందంతో కలిపి గీసుకో. చుక్కల గుంపు ఎటు వాలిందో కంటికే కనబడుతుంది.

కంట్రోల్_రూమ్ | మధ్యాహ్నం 1:10

పెద్దాయన చెప్పింది రోలింగ్ మిల్లులో రోజూ చూస్తాం. ఫోర్స్ చూసి మందం ఊహించే కంట్రోలు ఉంటుంది. ఉబ్బు వల్ల ఫోర్స్ పెరిగితే అది రేకు లావైందనుకుని ఇంకా బిగిస్తుంది. పల్చబడ్డది మరీ పల్చబడుతుంది. అయినా నా మాట మీద నేనున్నాను. రెండూ రోల్ చుట్టుతో తిరిగొచ్చేవే అయితే కోణం టేబుల్ రెండిటినీ కలిపే నేర్చుకుంటుంది. మందం నిలబడటమే కావాలి కదా, కారణం ఏదైతేనేం?

ఇంకో ఉపాయం కూడా ఉంది. రెండు రోల్స్‌కీ వేరువేరు మోటార్లుంటే ఒకదాని కోణం జరిపి, దీని ఉబ్బు దాని గుంతకి ఎదురయ్యేలా పెట్టొచ్చు. 25, 25 ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. రేకు నిప్‌లో అటూ ఇటూ కాస్త జరుగుతుంది తప్ప మందం మారదు. అయితే రెండు రోల్స్ వ్యాసం సమానంగా గ్రైండ్ అయివుండాలి. 0.1 మి.మీ. తేడా ఉండి ఉపరితల వేగాలు సమానంగా నడిపితే 5000 చుట్లకి ఒక పూర్తి చుట్టు జారిపోతుంది, అంటే గంటన్నర పైచిలుకు. 110 టన్నుల ల్యాడిల్ (కరిగిన ఉక్కు తెచ్చే పెద్ద పాత్ర) ఒకటి పోయడానికి పట్టేదీ సుమారు గంటన్నరే. మొదట కలిసొచ్చిన కోణం ల్యాడిల్ సగంలోకి వచ్చేసరికి ఎదురుతిరుగుతుంది.

లోహశాస్త్రం_రాజమండ్రి | సాయంత్రం 4:35

కారణం ఏదైతేనేం అన్న మాట దగ్గర ఆగాలండి. నేను మెటలర్జీ పాఠాలు చెప్తాను, ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది.

రోల్ మీద ఒకచోట గరుకు అరిగిందనుకోండి, లేదా ఆక్సైడ్ మరీ పేరుకుందనుకోండి. ప్రతి చుట్టుకీ ఆ చోటు వచ్చినప్పుడల్లా పొర పల్చగా గడ్డకడుతుంది. మీ టేబుల్ అది నేర్చుకుని, ఆ కోణం దగ్గర గ్యాప్ సర్ది మందం 1.6 దగ్గరే నిలబెడుతుంది. గేజ్ మీద గీత తిన్నగా కనిపిస్తుంది. కానీ ఆ ముక్కలో పొరల మధ్య ఇంకా గట్టిపడని ఉక్కు ఉంది. నిప్ దాటగానే లోపలి వేడికి పొర మళ్లీ మెత్తబడి ఉబ్బవచ్చు, చిరగవచ్చు. మందం నిలిచింది, రేకు చెడింది. అందుకే నిప్ కింద వెడల్పు అంతా చూసే పైరోమీటరు (తాకకుండా వేడి కొలిచేది) కూడా కావాలి. చుట్టు చుట్టుకీ అదే చోట వేడి పట్టీ కనిపిస్తే అది కంట్రోలర్ పని కాదు, రోల్ ఉపరితలం పని.

అసలు కథంతా ఉక్కు రోల్‌ని మొదటిసారి తాకే గీత దగ్గరుంది. మెనిస్కస్ అంటాం. అక్కడ మొదటి కొన్ని మిల్లీసెకన్లలో ఎన్ని చోట్ల గడ్డకట్టడం మొదలైందన్నదే మిగతా అంతా నిర్ణయిస్తుంది. మరీ నున్నటి రోల్ మంచిదనుకుంటారు చాలామంది. గుండు దెబ్బలతో సన్నగా గరుకు చేసిన రోల్ మీద గడ్డకట్టే చోట్లు ఎక్కువ దొరుకుతాయి, వేడి సమంగా పోతుంది. ఉక్కు రసాయనం కూడా ఇందులో భాగమే. స్ట్రిప్ కాస్టింగ్‌కి అల్యూమినియంతో కిల్ చేసిన (కరిగివున్న ఆక్సిజన్ తీసేసిన) ఉక్కు కన్నా సిలికాన్, మాంగనీసుతో చేసినదాన్ని ఇష్టపడతారు. అల్యూమినా గట్టి రేణువులుగా ఉండి సన్నటి నాజిల్‌ని పూడుస్తుంది. మాంగనీసు, సిలికాన్ ఆక్సైడ్లు కలిస్తే ఆ వేడిలో ద్రవంగా ఉంటాయి. రోల్‌కీ ఉక్కుకీ మధ్య పల్చటి పూతలా పరుచుకుని వేడి దాటడానికి సాయం చేస్తాయి. ఆ పూత మరీ పేరుకుంటే మళ్లీ చెరుపు. అందుకే తిరిగే రోల్‌ని బ్రష్షుతో నిరంతరం తుడుస్తుంటారు. బ్రష్షు ఒకవైపు ఎక్కువ నొక్కితే వెడల్పులో ఒక పట్టీ వేరుగా గడ్డకడుతుంది. పైన కప్పే వాయువు కూడా చూడాలి. నైట్రోజన్ ఉక్కులో కొంత కరుగుతుంది, ఆర్గాన్ కరగదు. రోల్ గరుకులో చిక్కుకున్న ఆర్గాన్ అక్కడే ఉండి వేడికి అడ్డుపడుతుంది.

ఇవేవీ మోడల్‌లో రాయకుండా వేడి ఒకేలా పోతుందని పెట్టుకుంటే ఎంత మంచి కంట్రోలరైనా కాగితం మీదే మంచిది.

కాకినాడ_ఎంటెక్ | సాయంత్రం 5:02

మేడమ్, నా మోడల్‌లో వేడి బదిలీ గుణకం స్థిరం అని పెట్టి ఉంది. దాన్ని కోణంతో మారేలా రాస్తాను. సైడ్ డ్యామ్‌ల గురించి ఎక్కడా సరిగా దొరకలేదు. వాటివల్ల వచ్చేది ఎలా ఉంటుంది?

లోహశాస్త్రం_రాజమండ్రి | సాయంత్రం 5:40

రోల్స్ రెండు చివర్లా మడుగు కారిపోకుండా ఆపే పలకలవి. బోరాన్ నైట్రైడ్ కలిసిన సిరామిక్ వాడతారు, పోత మొదలుపెట్టే ముందు బాగా వేడి చేస్తారు. రోల్ అంచులకి నొక్కిపట్టి ఉంచుతారు కాబట్టి అరుగుతుంటాయి. నొక్కుడు తక్కువైతే సందులోంచి ఉక్కు కారుతుంది, ఎక్కువైతే తొందరగా అరిగిపోతాయి. ఆ పలక దగ్గర ఉక్కు మిగతా మడుగు కన్నా చల్లగా ఉంటుంది. అక్కడ ముద్దలు కట్టి, కొంచెం పెద్దవయ్యాక ఊడి నిప్‌లోకి జారతాయి. ఫోర్స్ ఒక్కసారిగా ఎగురుతుంది, అంచు దగ్గర మందపాటి మచ్చ పడుతుంది, ఒక్కోసారి అంచు చిరిగి రేకే తెగుతుంది. దీనికి కోణంతో సంబంధం లేదు, టైముతో సంబంధం లేదు. ఎప్పుడు ఊడుతుందో చెప్పలేం. టేబుల్ నేర్చుకోలేనిది ఇదే.

కంట్రోల్_రూమ్ | రాత్రి 8:15

మేడమ్ గారూ, పైరోమీటరు మాట ఒప్పుకుంటున్నాను. మందం, ఫోర్స్, వేడి మూడూ కోణం మీద పక్కపక్కన పెట్టి చూడాలి. టేబుల్ ఏం నేర్చుకోవాలో, ఏం నేర్చుకోకూడదో ఆ మూడూ కలిసి చెప్తాయి. ఎదురు నడిచే భాగాన్ని మాత్రమే టేబుల్‌కి ఇచ్చి, కలిసి నడిచే భాగాన్ని అలారంగా పెట్టొచ్చు. ముద్ద పడ్డ చుట్టు కొలతని టేబుల్‌లోకి రానివ్వకుండా వడకట్టాలి, లేదంటే ఒక్కసారి జరిగిన దానికి వచ్చే పది చుట్లు సర్దుకుంటూ పోతుంది.

రేకుల_షాపు_పాలకొల్లు | రాత్రి 8:33

కొలిచానండి. నాలుగు మీటర్ల పైన కాస్త, మీరు చెప్పిన పెద్ద రోల్‌కి దగ్గరగానే వస్తోంది. సప్లయరుకి ఫొటోలు పంపాను. మీరు మాట్లాడే ఈ పోత రేకు మన దగ్గర కప్పులకి వాడతారా?

పాత_కాస్టర్ | రాత్రి 9:10

సంతోషం అండి. టేపు, మైక్రోమీటరుతో మిల్లు లోపలి రోల్‌ని పట్టుకున్నారు.

పోత రేకు నాకు తెలిసినంతవరకు విదేశాల్లోనే నడుస్తోంది. హెన్రీ బెస్సెమర్ 1857లోనే రెండు రోల్స్ మధ్య రేకు పొయ్యడానికి పేటెంటు తీసుకున్నాడు. అమెరికాలో ఇండియానా రాష్ట్రం క్రాఫర్డ్స్‌విల్‌లో న్యూకోర్ ప్లాంటు 2002లో మొదలైంది. ఆస్ట్రేలియా బీహెచ్‌పీ, జపాన్ ఐహెచ్‌ఐ అంతకుముందు ఏళ్లతరబడి చేసిన పని దాని వెనక ఉంది. మధ్యలో దాదాపు 145 ఏళ్లు. సూత్రం మొదటినుంచీ తెలుసు. లెవెల్‌ని కంటితో చూసి చేత్తో సర్దే రోజుల్లో మూడు సెకన్ల మడుగుని ఎవరు నిలబెడతారు? సెన్సర్లు, వేగంగా కదిలే హైడ్రాలిక్స్, సిరామిక్ పలకలు, రాగి రోల్ తయారీ అన్నీ కుదిరాకే ఇది నిలిచింది.

మీకు పనికొచ్చే విషయం ఒకటుంది. తుక్కు కరిగించి చేసిన ఉక్కులో రాగి ఎక్కువుంటే మామూలు పద్ధతిలో కాల్చి నొక్కేటప్పుడు పైన పగుళ్లొస్తాయి. పోత రేకు చాలా త్వరగా గడ్డకడుతుంది, వాయువు కప్పిన పెట్టెలో నడుస్తుంది కాబట్టి పొలుసు తక్కువ, ఆ రాగిని ఎక్కువ తట్టుకుంటుంది. ఉక్కులో కాస్త రాగి ఉంటే గాలిలో తుప్పుకి కూడా మంచిదే. అయితే సముద్రం పక్కన జింకు లాంటి పూత లేకుండా మామూలు ఉక్కు రేకు నిలవదు.

తణుకు_మిల్లు | రాత్రి 9:45

రోల్ గుండ్రం గురించి ఒక మాట. డయల్ గేజ్ పెట్టి రోల్‌ని చేత్తో తిప్పి చూసేది చల్లగా ఉన్నప్పుడు. వేడెక్కాక అదే కొలత ఉంటుందా? మా రోలరు షెల్లు లేత్ మీద ఎక్కించి, ఎండ ఒకవైపు పడితేనే ముల్లు కదలడం చూశాను.

పాత_కాస్టర్ | రాత్రి 10:08

ఉండదండి, ఇది అందరూ మర్చిపోయే చోటు. రాగి 500 మి.మీ. వ్యాసంలో సగటున 100 డిగ్రీలు వేడెక్కితే 0.85 మి.మీ. పెరుగుతుంది. రెండు రోల్స్ చెరో సగం ముందుకొచ్చి గ్యాపులో 0.85 మి.మీ. తినేస్తాయి. 1.6 మి.మీ. రేకులో సగం పైన! సమంగా పెరిగితే సిలిండర్లతో వెనక్కి జరుపుకోవచ్చు. నీళ్ల దారుల్లో ఒకటి పూడుకుని ఒకవైపు ఎక్కువ వేడెక్కితే చల్లగా ఉన్నప్పుడు 5 మైక్రాన్లున్న రోల్ పోతలో 40 చూపిస్తుంది. మధ్యలో ఎక్కువ, చివర్లలో తక్కువ పెరిగితే రేకు మధ్యలో పల్చన, అంచుల్లో లావు. అందుకే రోల్‌ని చల్లగా ఉన్నప్పుడు మధ్యలో కాస్త లోతుగా గ్రైండ్ చేసి ఉంచుతారు, వేడెక్కి తిన్నబడుతుందని. పోత మొదలైన తొలి చుట్లలో ఆ తిన్నదనం ఇంకా రాదు. మొదలుపెట్టడమే దీంట్లో అన్నిటికంటే కష్టమైన ఘట్టం.

ఎంటెక్ బాబూ, నీ మోడల్‌లో 25 మైక్రాన్లు స్థిరంగా పెట్టకు. వేడితో పెరిగేలా రాయి.

కాకినాడ_ఎంటెక్ | మర్నాడు రాత్రి 7:50

రాసి నడిపానండి. మూడు సందర్భాలు విడివిడిగా. ఒట్టి ఉబ్బు పెట్టినప్పుడు ఫోర్స్, మందం చుక్కలు ఎడమనుంచి కుడికి కిందకి వాలాయి. ఒకచోట వేడి తక్కువ పోయేలా పెట్టినప్పుడు పైకి వాలాయి. మాస్టారు చెప్పినట్టే. రెండూ కలిపి పెట్టినప్పుడు మాత్రం చుక్కలు గుండ్రటి గుంపుగా వచ్చాయి, ఎటూ వాలలేదు. అక్కడ కంట్రోల్_రూమ్ గారి టేబుల్ మందాన్ని నిలిపింది, నిప్ దగ్గర లోపల ద్రవం మిగిలిన భాగం మాత్రం అలాగే ఉంది. దాన్ని పట్టుకున్నది మేడమ్ చెప్పిన ఉష్ణోగ్రత ఒక్కటే. ఫోర్స్, మందం చూసి అంతా బాగుందనుకునేవాణ్ణి.

ఇప్పుడు కావలసింది వేడితో రోల్ ఎంత వంగుతుందో నిజమైన కొలత. సమీకరణంలో ఊహించి పెట్టాను, దానిమీద నాకు నమ్మకం లేదు.

లోహశాస్త్రం_రాజమండ్రి | రాత్రి 8:20

గుండ్రటి గుంపు బొమ్మ థీసిస్‌లో తప్పకుండా పెట్టు. రెండు కారణాలు ఒకదాన్నొకటి దాచుకోవడం చాలామంది చూపించని సంగతి. వేడి మచ్చని రోల్ చుట్టూ 10 డిగ్రీలకోసారి జరుపుతూ నడిపి చూడు, ఏ కోణంలో దాక్కుంటోందో స్పష్టంగా తెలుస్తుంది.

తణుకు_మిల్లు | రాత్రి 9:02

బాబూ, క్రషింగు సీజన్ అయిపోయింది, మా వర్క్‌షాపులో పాత రోలరు ఒకటి లేత్ మీదే ఉంది. మాది పోత ఇనుము, రాగి కాదు, నీళ్లు పారవు. అయినా ఒకవైపు గ్యాస్ బర్నరు పెట్టి, చుట్టూ నాలుగుచోట్ల డయల్ గేజులు బిగించి, వేడెక్కే కొద్దీ, చల్లారే కొద్దీ ముల్లు ఎటు పోతుందో రాసుకోవచ్చు. ఇనుము, రాగి ఎంత వ్యాకోచిస్తాయో నీకు తెలుసు కాబట్టి లెక్క సర్దుకుంటావు. ఫోర్‌మన్ గారిని అడిగాను, సరే అన్నారు. తాకే థర్మామీటరు నువ్వు తెచ్చుకో, మా దగ్గరున్నది పాతది.

కాకినాడ_ఎంటెక్ | రాత్రి 9:10

తప్పకుండా వస్తానండి. కాలేజీ ల్యాబులో థర్మోకపుల్స్, డేటా లాగర్ ఉన్నాయి, సంతకం పెట్టి తీసుకొస్తాను. ఎప్పుడు రమ్మంటారు?

పాత_కాస్టర్ | రాత్రి 9:24

నేనూ వస్తాను. అమలాపురం నుంచి రావులపాలెం మీదుగా పొద్దున్నే బయలుదేరితే చాలు. బర్నరు పెట్టే ముందు చల్లగా ఉన్నప్పటి కొలత పూర్తి చుట్టు రాసుకోవాలి, అది లేకపోతే తర్వాత రాసిందానికి విలువ ఉండదు.

తణుకు_మిల్లు | రాత్రి 9:31

సోమవారం రండి. ఎనిమిదింటికల్లా వస్తే మంచిది. మధ్యాహ్నం అయితే షెడ్డు పడమటి వైపు నుంచి ఎండ పడుతుంది, చల్లటి కొలత కుదరదు.